ముత్తాత పొలం పోయింది పేకాటలోనా, మాంద్యంలోనా?

ముందు నీ ప్రశ్నని నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. ఇచ్ఛాపురం దగ్గర బాహుదా ఒడ్డున మీ ముత్తాతకి నాలుగెకరాల పల్లం ఉండేది. మొన్న నాయనమ్మ ట్రంకుపెట్టెలో 1931 నాటి తనఖా దస్తావేజు దొరికింది, 300 రూపాయలకి. 1939లో ఆ పొలం వేలంలో పోయింది. ఇంట్లో అందరూ "రంగం వెళ్ళి పేకాడి తగలేశాడు" అంటారు, రంగం అంటే బర్మాలోని రంగూన్. నువ్వేమో పోటీ పరీక్షకి అమెరికా మహామాంద్యం పాఠం చదువుతున్నావు. నలుగురిలో ఒకడికి పని లేదట, ఒక పక్క జనం ఆకలితో ఉంటే ఇంకో పక్క మొక్కజొన్నలు పొయ్యిలో పెట్టారట, ఇదేం లెక్క, దీనికీ మా పొలానికీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగావు.

ఉంది బాబూ. చాలా ఉంది. మీ ముత్తాత పేకాడాడో లేదో నాకు తెలీదు, ఆడే ఉండొచ్చు, కానీ 1930 తర్వాత ఆ చుట్టుపక్కల పొలం పోగొట్టుకున్నవాళ్ళంతా పేకాటరాయుళ్ళయితే జిల్లాలో ముక్కలు సరిపోవు.

నేను 34 ఏళ్ళు బ్యాంకులో చేశాను, ఎక్కువ కాలం గంజాం, గజపతి జిల్లాల పల్లె బ్రాంచీల్లోనే. ఇప్పుడు బరంపురంలో రిటైరై కూర్చున్నాను, సాయంత్రాలు నీలాంటి పిల్లలకి ఎకనామిక్స్ చెబుతుంటాను. అప్పు పుస్తకాల్లో బతికినవాణ్ణి కాబట్టి నా సమాధానం అప్పు వైపు నుంచే ఉంటుంది. ప్రొఫెసర్లు ఇంకోలా చెబుతారు, వాళ్ళదీ తప్పు కాదు.

మాంద్యం అనగానే మనవాళ్ళకి కరువు గుర్తొస్తుంది. అక్కడే పొరపాటు. కరువంటే వాన లేక పంట పోవడం. మాంద్యంలో పంట ఉంటుంది, ఫ్యాక్టరీ ఉంటుంది, పని చెయ్యగల చేతులూ ఉంటాయి, ధర ఉండదు. మా నాయనమ్మ ఆ రోజుల్ని "చౌక కరువు" అనేది. గాదె నిండా ధాన్యం ఉండేదట, పండక్కి పిల్లలకి గుడ్డ కొనడానికి మాత్రం చేతిలో అణా ఆడేది కాదట. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటాం కదా, ఆ ఏళ్ళలో కొనబోతే కొరివి కూడా కాదు, అన్నీ చౌకే, కొనడానికి పైసా లేదు అంతే.

దీన్ని మీ నాలుగెకరాల మీద వేసి చూద్దాం. అంకెలు నేను లెక్క సులువు కోసం వేసుకున్నవే, మీ దస్తావేజులోవి కాదు. ఎకరాకి పది బస్తాల చొప్పున 40 బస్తాలు. బస్తా 6 రూపాయలు. అప్పు 300, నూటికి ఏడాదికి 12 వడ్డీ, అంటే 36 రూపాయలు, అంటే 6 బస్తాలు. శిస్తు 20 రూపాయలు, మూడు బస్తాలు పైచిలుకు. మొత్తం తొమ్మిదీ, తొమ్మిదిన్నర బస్తాలు బయటికి పోతాయి, మిగతా 30 బస్తాలతో కూలీ, విత్తనం, తిండి, ఎలాగో గడుస్తుంది. ఇప్పుడు బస్తా 3 రూపాయలకి పడిపోయిందనుకో. వడ్డీ అదే 36, శిస్తు అదే 20. కానీ బస్తాల్లో చూస్తే దాదాపు 19 అయ్యాయి. సగం పంట వడ్డీకీ శిస్తుకీ పోయింది, అసలు అలాగే ఉంది. పైగా 300 రూపాయల అసలు ముందు 50 బస్తాల అప్పు, ఇప్పుడు 100 బస్తాల అప్పు. ఆయన కొత్తగా పైసా అప్పు చెయ్యలేదు, ఒక్క ఎకరం తక్కువ పండించలేదు, అయినా అప్పు రెట్టింపైంది. పేకాట ఎక్కడుంది ఇందులో?

ధర సగానికి పడటం నేను బెదిరించడానికి చెబుతున్న మాట కాదు. 1929కీ 1930ల మొదటి రెండు మూడేళ్ళకీ మధ్య మన దేశంలో వ్యవసాయ ధరలు దాదాపు అలాగే పడ్డాయి.

అమెరికాలో జరిగింది కూడా ఇదే, సైజు వేరు. 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలింది, అందరూ అక్కడే ఆగిపోతారు, సినిమాల్లో కూడా అదే చూపిస్తారు. అసలు దెబ్బ తర్వాత మూడేళ్ళలో బ్యాంకులు మూతపడటం వల్ల తగిలింది. 1930 నుంచి 1933 మధ్య దాదాపు 9,000 బ్యాంకులు పోయాయి. డిపాజిట్లకి ఇన్సూరెన్స్ లేదు. నేను చిన్న బ్రాంచిలో ఉన్నప్పుడు పక్క వీధిలో ఒక సహకార సంఘం చేతులెత్తేసింది, పేరెందుకులే, ఆ రోజు ఉదయం గేటు ముందు నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు ఇప్పటికీ మర్చిపోలేను. కూతురి పెళ్ళికని దాచుకున్న డబ్బు, ఒక్క రాత్రిలో కాగితం. మధ్యాహ్నానికల్లా ఏ సంబంధమూ లేని మా బ్రాంచి ముందు కూడా లైను కట్టారు. ఒక్క సంఘానికే వీధంతా అలా వణికిపోతే 9,000 బ్యాంకులంటే ఆలోచించు. డబ్బు మాయమవుతుంది, డబ్బు మాయమైతే ధర పడుతుంది, ధర పడితే అప్పు బరువెక్కుతుంది, అప్పు కట్టలేక ఇంకో బ్యాంకు మునుగుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

నువ్వు రాసిన నలుగురిలో ఒకడు, అంటే 25 శాతం, 1933 నాటిది, సుమారు కోటీ పాతిక లక్షల పైచిలుకు మంది. పరీక్షలో ఆ అంకె రాయి, కానీ ఒకటి తెలుసుకో, అప్పట్లో నెలనెలా నిరుద్యోగం లెక్కపెట్టే సర్వేయే అక్కడ లేదు, అది 1940లో మొదలైంది. ఇది తర్వాత వేసిన అంచనా. వారానికి రెండు రోజులే పని దొరికినవాడు కూడా ఇందులో పని ఉన్నవాడి కిందే లెక్క. నల్లజాతివాళ్ళని అందరికన్నా ముందు తీసేశారు. 1932లో ఒక చట్టం తెచ్చి, భార్యాభర్తలిద్దరూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే ముందు ఒకరిని ఇంటికి పంపమన్నారు, ఇంటికెళ్ళింది ఎక్కువగా ఎవరో చెప్పక్కర్లేదు. కష్టం అందరికీ వచ్చింది అంటారు కానీ, వరస ఉంటుంది దానికి.

మొక్కజొన్న సంగతి. అమెరికాలో ఐయోవా రాష్ట్రం లాంటి చోట్ల బొగ్గు కొనడం కన్నా మొక్కజొన్న కాల్చుకోవడం చవకైంది, అందుకే పొయ్యిలో పెట్టారు, పిచ్చెక్కి కాదు. బస్తా సంతకి తోలితే వచ్చే డబ్బు రవాణాకే చాలకపోతే నువ్వయినా అదే చేస్తావు. మదనపల్లిలో టమాటా రోడ్డు మీద పారబోసినప్పుడు టీవీవాళ్ళు రైతుకి కోపం వచ్చిందని చెబుతారు, కోపం సగమే, మిగతాది లారీ కిరాయి. తర్వాత 1933లో కొత్త అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రభుత్వమే ధర పెంచడానికి సుమారు 60 లక్షల పందిపిల్లల్ని కొని చంపించింది. జనం ఆకలితో ఉన్న దేశంలో. ఆ పనిని నేను సమర్థించను, కానీ అప్పు పుస్తకం వైపు నుంచి చూస్తే వాళ్ళు ఏం చెయ్యబోయారో అర్థమవుతుంది. ధర లేస్తే తప్ప రైతు లేవడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇంకోటుంది, పాఠ్యపుస్తకాల్లో సరిగా ఉండదు. అప్పు కట్టలేని రైతు ఆస్తిని వేలం వేసే రోజున చుట్టుపక్కల రైతులు వందల్లో వచ్చి నిలబడేవారు. గుర్రానికి పాట మొదలు పెడితే ఒకడు "అయిదు సెంట్లు" అనేవాడు. ఇంకెవరూ పాడరు. ఆవుకి పది సెంట్లు. ఎవడైనా బయటూరివాడు ఎక్కువ పాడబోతే పక్కనే నిలబడి భుజం మీద చెయ్యి వేసేవారు, కొన్నిచోట్ల కొట్టం దూలానికి ఉరితాడు కట్టి ఊరికే వేలాడదీసేవారు, అర్థం చేసుకోమని. మొత్తం వేలం అయిదారు డాలర్లకి ముగిసేది, కొన్నదంతా సాయంత్రానికి ఆ రైతుకే తిరిగి ఇచ్చేసేవారు. దాన్ని పెన్నీ వేలం అన్నారు. 1933 ఏప్రిల్‌లో ఐయోవాలో జప్తు కేసులు వింటున్న ఒక జడ్జిని కోర్టు హాల్లోంచి లాక్కెళ్ళి మెడకి తాడు వేశారు, చంపలేదు, అక్కడిదాకా వెళ్ళింది కథ. బ్యాంకువాణ్ణి కదా, చదివినప్పుడు నా మెడ కూడా ఒకసారి తడుముకున్నాను. దాని ఫలితం ఏమిటంటే పాతికకి దగ్గర రాష్ట్రాలు తనఖా జప్తుల్ని కొంతకాలం ఆపుతూ చట్టాలు చేశాయి. మిన్నెసోటా చట్టాన్ని 1934లో వాళ్ళ సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. కాంట్రాక్టు పవిత్రం, అప్పంటే అప్పే అని వంద పాఠాలు చెప్పిన దేశం అది!

రూజ్వెల్ట్‌కి ముందు అధ్యక్షుడు హూవర్‌ని అందరూ తిడతారు. ఆయన అంత చేతకానివాడేం కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం జనానికి తిండి అందించి పేరు తెచ్చుకున్నవాడు. మాంద్యంలో కూడా బ్యాంకులకీ రైల్వేలకీ అప్పులివ్వడానికి 1932లో సంస్థ పెట్టాడు. కానీ మనిషికి నేరుగా కేంద్రం డబ్బివ్వడం తప్పు అనే పట్టుదల ఆయన్ని ముంచింది. 1932 వేసవిలో మాజీ సైనికులు, 1945లో రావలసిన బోనస్ ఇప్పుడే ఇవ్వండి, ఆకలిగా ఉందని వాషింగ్టన్‌లో వేల సంఖ్యలో గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. జులై 28న సైన్యం వాళ్ళ మీదికే వెళ్ళింది, నడిపించింది డగ్లస్ మెకార్థర్. గుడిసెలు తగలబడిన ఫోటోలు దేశమంతా చూసింది. నవంబరులో అధ్యక్ష ఎన్నికల్లో 48 రాష్ట్రాల్లో 42 రూజ్వెల్ట్‌కి పోయాయి.

రూజ్వెల్ట్ వచ్చాక చేసినవి పెద్ద లిస్టు, అది నీ పుస్తకంలో ఉంది, నేను మూడే చెబుతాను. 1933 మార్చిలో రాగానే దేశంలో బ్యాంకులన్నీ మూసేయించి, బాగున్నవాటిని పరీక్షించి మళ్ళీ తెరిపించాడు, జనం ఈసారి డబ్బు వెయ్యడానికి లైను కట్టారు. రెండోది, డాలర్‌ని బంగారం నుంచి విడదీసి, ఔన్సు 20.67 డాలర్లున్నదాన్ని 1934 జనవరికి 35 చేశాడు. దీన్ని పిల్లలు బట్టీ పట్టి వదిలేస్తారు, అసలు మందు ఇదే, ధరలు పైకి లేచి పాత అప్పు బరువు తగ్గడం ఇక్కడ మొదలైంది. మూడోది, పని లేని కుర్రాళ్ళని అడవుల్లో మొక్కలు నాటడానికి తీసుకున్నారు, నెలకి 30 డాలర్లు, అందులో 25 దాకా తిన్నగా ఇంటికే పంపించేవారు. కుర్రాడి చేతికి అయిదు. మన ఊళ్ళో అమ్మలకి చెబితే అధ్యక్షుడికి గుడి కడతారు. అయినా మాంద్యం పూర్తిగా పోలేదు, 1937లో ఖర్చు తగ్గించగానే మళ్ళీ జారింది, యుద్ధం వచ్చాకే చేతినిండా పని వచ్చింది. 1935 సామాజిక భద్రత చట్టంలో పొలం కూలీల్నీ ఇళ్ళల్లో పనివాళ్ళనీ వదిలేశారు, అదీ రాయి.

జర్మనీ గురించి రెండు ముక్కలే. అక్కడ ప్రభుత్వం జీతాలు, భృతులు కోస్తూ పోయింది, నిరుద్యోగులు 60 లక్షలకి చేరారు. 1928లో 2.6 శాతం ఓట్లున్న హిట్లర్ పార్టీకి 1932 జులైలో 37 శాతం వచ్చాయి. మిగతాది నీకు తెలుసు.

ఇక మన దగ్గరికి. నువ్వు "రంగం" అన్నావు చూడు, ఆ ఒక్క మాటలో సగం చరిత్ర ఉంది. రంగూన్ అని మనవాళ్ళకి నోరు తిరగక కాదు, మూడు తరాలు నోట్లో నలిగి నలిగి రంగం అయింది. గోపాల్‌పూర్, కళింగపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడ ఎక్కేవారు. కూలీల్ని కుదిర్చే మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, ఆ అడ్వాన్సు ఓడ చార్జీకి కొంత, ఇంటి దగ్గర బియ్యానికి కొంత, అక్కడ దిగాక కూలీలోంచి కోసుకునేవాడు. రేవులో మూటలు దింపడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం. అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద, అది గౌరవంగా అన్న మాట కాదు.

ఇప్పుడు లంకె చూడు. బర్మా అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే చోటు. బియ్యం ధర కూలగానే మిల్లులో పని తగ్గింది, రేవులో మూటలు తగ్గాయి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలవాళ్ళు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నారు. తర్వాత మనవాళ్ళతో రాజీ కుదిరి, పాపం ఆ బర్మావాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. వాళ్ళకీ ఆకలే కదా. మే 26న కత్తులు లేచాయి, వందకి పైగా ప్రాణాలు పోయాయి, ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. కూలి పెంచనన్నవాడికి మాత్రం గీత కూడా పడలేదు. పని కరువైన చోట పేదవాడి కత్తి పక్క పేదవాడి మీదికే పోతుంది, ఏ దేశమైనా. ఆ ఏడాది చివర్లో బర్మా రైతులే సయా సాన్ నాయకత్వంలో తిరగబడ్డారు. దిగువ బర్మా వరి జిల్లాల్లో చెట్టియార్ల, అంటే తమిళ వడ్డీ వ్యాపారుల, చేతిలోకి వెళ్ళిన భూమి 1930లో 6 శాతం, 1937కి 25 శాతం. మన ఇచ్ఛాపురం లెక్కే, బస్తా ధర పడింది, అప్పు పెరిగింది, పొలం పోయింది. కొనుక్కున్నవాడి భాష వేరు, అంతే.

మా తాతగారి అన్న ఒకాయన ఆ గొడవల తర్వాత తిరుగు ఓడలో వచ్చేశాడు. ట్రంకుపెట్టె కాదు, ఒక గొడుగు, ఒక దుప్పటి. మా నాయనమ్మ చెప్పేది, గుమ్మం దగ్గర నిలబడి మొదట అడిగిన మాట "ఇంట్లో గింజలున్నాయా?" అని. ఉన్నాయి. అందుకే బతికాడు. చచ్చేదాకా అన్నదమ్ముల మధ్య ఆ నాలుగు గింజల మాట రాని పండగ లేదట. మన దగ్గర నిరుద్యోగం అంకె లేకపోవడానికి కారణం ఇదే, పని పోయినవాడు ఏ ఆఫీసులోనూ పేరు రాయించుకోడు, ఇంటికొచ్చి అన్నం ముద్ద పంచుకుంటాడు. నలుగురు తినేదాన్ని ఆరుగురు తింటారు. దానికి శాతం ఎవరు కడతారు?

పైగా రంగం డబ్బు ఆగిపోయింది. మనియార్డర్ మీద శిస్తు కట్టే ఇల్లు శిస్తు కట్టలేదు. అది చాలదన్నట్టు అమ్ముడుపోని బర్మా బియ్యం చవగ్గా మద్రాసు రేవులకి వచ్చి పడింది, దాంతో మన ధాన్యం ధర ఇంకాస్త కిందికి. మీ ముత్తాత రంగం వెళ్తే అక్కడా ఇదే దెబ్బ, ఇంటి దగ్గర ఉంటే ఇక్కడా ఇదే దెబ్బ.

అప్పట్లో సర్కారు ఏం చేసిందంటావు. రూపాయిని 1927 నుంచి 18 బ్రిటిష్ పెన్నీలకి గట్టిగా కట్టేసి ఉంచింది. 16 చెయ్యండి, రూపాయి విలువ తగ్గితే సరుకుకి ఎక్కువ రూపాయలొస్తాయి, ధరలు కాస్త నిలబడతాయి అని ఇక్కడి వ్యాపారులు మొత్తుకున్నారు. ఉప్పు సత్యాగ్రహానికి ముందు గాంధీ వైస్రాయ్ ముందుంచిన 11 కోరికలు తీసి చూడు, ఉప్పు పన్ను ఒకటే కాదు, భూమి శిస్తు సగం చెయ్యాలి, రూపాయిని 16 పెన్నీలకి దించాలి అనేవీ ఉన్నాయి. ఈ రూపాయి కోరిక చదివి నా విద్యార్థులు ఇది గాంధీగారికెందుకు అంటారు. బస్తా లెక్క చెప్పాక అడగరు. రూపాయిని దించలేదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ తన పౌండుని బంగారానికి కట్టి ఉంచడం వదిలేసింది, బంగారం ధర పెరిగింది, మన పల్లెల్లో ఆడవాళ్ళ మెడలోని కాసులు, చెవుల కమ్మలు కంసాలి చేతికి, అక్కణ్ణుంచి బొంబాయికి, బొంబాయి నుంచి లండన్‌కి వెళ్ళాయి. కొన్నేళ్ళలో వందల కోట్ల రూపాయల బంగారం పోయింది. భారతదేశం లాభానికి అమ్ముకుంది అని రాసినవాళ్ళూ ఉన్నారు. పుస్తెల తాడు లాభానికి అమ్మే ఆడది నాకు 34 ఏళ్ళ సర్వీసులో ఒక్కర్తీ తగల్లేదు.

ధర పడుతున్న ఆ రోజుల్లోనే కృష్ణా, గోదావరి డెల్టాలో శిస్తు రూపాయికి మూడణాలు పెంచడానికి సిద్ధపడ్డారు, అక్కడ రైతు నాయకుడు ఎన్.జి. రంగా లాంటివాళ్ళు రైతుల్ని కూడగట్టడానికి అదొక కారణం. మన వైపు జమీందారీ, అదింకా ఘోరం, మధ్యలో ఇంకో పొట్ట ఉంది నింపడానికి. 1932 చివరి నుంచి మద్రాసులో ముఖ్యమంత్రి స్థానంలో ఉన్నది సాక్షాత్తూ బొబ్బిలి రాజా. 1937 ఎన్నికల్లో ఆయన మీద ఆయన ఊళ్ళోనే నిలబడి ఓడించినాయన వి.వి. గిరి, మన బరంపురంలో పుట్టినవాడే, రైల్వే కార్మికుల నాయకుడు, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఖరగ్‌పూర్‌లో కూలీల వెంట తిరిగిన మనిషి రాజుని ఓడించాడంటే అది ఒక్క పార్టీ గాలి కాదు, ఏడేళ్ళ ధాన్యం ధర కూడా ఉంది అందులో. ఇది నా అభిప్రాయం, పరీక్షలో రాయకు.

తర్వాతది మీ ఊరి నుంచే మొదలైంది, నీకు తెలుసో లేదో. ఇచ్ఛాపురం నుంచి రైతులు కాలినడకన మద్రాసు బయల్దేరారు. తొమ్మిది జిల్లాలు, 1,500 మైళ్ళు, 130 రోజుల నడక, దారిపొడుగునా సభలు, 1,100కి పైగా అర్జీలు. 1938 మార్చి 27న శాసనసభకి అందించారు. బ్రిటన్‌లో జారో ఊరి నుంచి 200 మంది నిరుద్యోగులు 1936లో లండన్‌కి నడిస్తే ప్రపంచమంతా పుస్తకాల్లో రాసుకుంది, మన ఇచ్ఛాపురం నడక మన పిల్లలకే తెలీదు.

అదే మార్చిలో మద్రాసులో 1938 నాలుగో నంబరు చట్టం అమల్లోకొచ్చింది, వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం. బ్యాంకువాడిగా చెబుతున్నాను, అంత ఘాటైన చట్టం అంతకు ముందు మన దగ్గర లేదు. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పయితే, 1937 అక్టోబరు 1 నాటికి బాకీ ఉన్న వడ్డీ మొత్తం మాఫీ. అసలుకి రెండింతలు ఇప్పటికే కట్టి ఉంటే అప్పే లేదు. ఆ తేదీ తర్వాత చేసిన అప్పుకి మాత్రం వడ్డీ నూటికి 5 లెక్కన తిరగవేయాలి. అమెరికాలో ఉరితాడు చూపించి సాధించినదాన్ని ఇక్కడ నడిచి, ఓటేసి సాధించారు.

అయితే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది కదా. బరంపురం అటు వెళ్ళింది, ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయింది, మధ్య పాతిక కిలోమీటర్లు. పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది. అప్పట్లో మనవాళ్ళు బరంపురం మాదంటే మాదని సభలు పెట్టుకున్నారు, భాష కోసం, ఉద్యోగాల కోసం. రైతు నెత్తి మీద ఈ గీత ఎలా పడిందో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. గీతకి ఇటువైపు 1938లో వడ్డీ రద్దయింది. అటువైపు ఆ మద్రాసు చట్టం లేదు. ఒరిస్సాలో విశ్వనాథ్ దాస్ ప్రభుత్వం, ఆయనదీ గంజామే, మద్రాసు నుంచి వచ్చిన ప్రాంతాల్లో జమీందారీ శిస్తుల్ని పక్క రైత్వారీ (రైతు నేరుగా సర్కారుకే కట్టే పద్ధతి) రేట్లకి దగ్గరగా దించాలని 1937లో బిల్లు తెచ్చింది, జమీందారులు అడ్డం పడ్డారు, పైనుంచి సమ్మతి రాలేదు. వడ్డీ వ్యాపారుల మీద చట్టం అక్కడ 1939లో వచ్చింది. అప్పటికి ఎన్ని వేలాలు అయిపోయాయో.

ఇలాంటిది మళ్ళీ వస్తే మనలాంటివాళ్ళు ఏం చెయ్యాలని చివర్లో అడిగావు. 2020లో చిన్న ముక్క చూశావుగా. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలల్లో దేశం ఉత్పత్తి అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. సూరత్ మగ్గాల మీద ఉన్న మన గంజాం కుర్రాళ్ళు మేలో రైళ్ళు దిగుతుంటే నాకు గొడుగూ దుప్పటీ గుర్తొచ్చాయి, సెల్‌ఫోన్లు ఉన్నాయి చేతుల్లో, అంతే తేడా. కేంద్రం ఉపాధి హామీకి అదనంగా 40,000 కోట్లు ఇచ్చింది, రేషన్ బియ్యం ఉంది, కాబట్టి "ఇంట్లో గింజలున్నాయా" అనే ప్రశ్న ఈసారి అంత భయంగా రాలేదు. కానీ ఆ కుర్రాళ్ళలో చాలామంది వాయిదాల మీద బండి కొన్నవాళ్ళు, ఇంటి స్లాబుకి అప్పు చేసినవాళ్ళు. ఆదాయం ఆగింది, వాయిదా ఆగలేదు. తర్వాత కట్టుకోవచ్చని గడువిచ్చి మారటోరియం అన్నారు, వడ్డీ మాత్రం మీటర్ తిరిగినట్టు తిరుగుతూనే ఉంది. మా పాత బ్రాంచి కుర్రాడు ఫోన్ చేసి "సార్, జనం మాఫీ అనుకుని సంతకం పెడుతున్నారు, ఎలా చెప్పను" అని బాధపడ్డాడు.

కాబట్టి నా సలహా పెద్దదేం కాదు. జీతం కదిలేదైనప్పుడు కదలని వాయిదా నెత్తికెత్తుకోకు. బ్యాంకులో డిపాజిట్ ఇన్సూరెన్స్ మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల వరకే, అంతకన్నా ఉంటే రెండు చోట్ల పెట్టు, ఊళ్ళో చిట్టీలకి ఆ ఇన్సూరెన్స్ లేదు. బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బుతో షేర్లు కొనే తమ్ముళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఎవరు చెప్పినా వినరు. ఇక ఓటు అడగడానికి వచ్చినవాణ్ణి ఎంతమందికి ఉద్యోగాలిస్తావని అడుగు, తప్పులేదు, కానీ రేపు ధరలు కూలితే ముందు ఎవరి అప్పు తగ్గిస్తావు, బ్యాంకుదా, కంపెనీదా, రైతుదా అని కూడా అడుగు. దానికి తడబడతాడు, సరదాగా ఉంటుంది.

ఇప్పుడు నీ దస్తావేజు. ముందు ఆ పొలం ఏ గ్రామంలో, ఏ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు కింద ఉందో చూడు. బాహుదా ఒడ్డు అన్నావు, ఆ నది గీతకి అటూ ఇటూ పారుతుంది, కాబట్టి ఇచ్ఛాపురం పక్కన అంటే సరిపోదు. గ్రామం ఒరిస్సా వైపైతే మద్రాసు చట్టం మీ ముత్తాతకి అందనే లేదు. ఇటువైపైతే 1931 తేదీ 1932 అక్టోబరుకి ముందే కాబట్టి వడ్డీ ఎగిరిపోయి ఉండాలి, మరి 1939లో వేలం ఎందుకైంది? ఒకటి, భూమిని అప్పిచ్చినవాడి స్వాధీనంలో పెట్టి వడ్డీకి బదులు పంట తినమనే రకం తనఖా అయి ఉండొచ్చు, అలాంటివాటికి చాలావరకు ఈ తగ్గింపు వర్తించలేదు. రెండు, కోర్టులో అర్జీ పెట్టుకోవాలని ఆయనకి ఎవరూ చెప్పకపోయి ఉండొచ్చు. దస్తావేజు మొదటి పేజీలో "పూర్వపు నోటు బాకీ తాలూకు" లాంటి మాట ఉందేమో వెతుకు, ఉంటే ఆ 300లో కొంత పాత వడ్డీయే, చేతికొచ్చిన డబ్బు కాదు, ఆయన తిరగరాసిచ్చాడన్నమాట. ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టు, పేర్లు, సర్వే నంబర్లు కనపడకుండా వేలు అడ్డం పెట్టి. పాత గొలుసుకట్టు రాత చదవడం నాకు అలవాటే.